అల్లూరు దగ్గర తిరిగిపోయిన వ్యాను

విడవలూరు,
20 జూన్ 2021.

తమ్ముడు పెంచలకృష్ణకు అబిగయీలు అక్క రాసేది,

నీ మందుల కొట్టు నుంచి పంపిన పార్సిలు అందింది. జ్వరం పోయింది, నాలుకకు రుచి తెలుస్తోంది. చెవులు మాత్రం తిరిగి రాలేదు. ఈ జబ్బు తర్వాత కొందరికి ఇలా అవుతోందమ్మా, వస్తుందో రాదో చెప్పలేను అని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. కాబట్టి నాకు ఫోను చేయకు. పోయిన ఆదివారం మన కెరటం సేవా సంఘం మీటింగు ఫోను తెర మీద పెట్టారు కదా, నేనూ చేరాను. చిన్న చిన్న గళ్ళలో ఇరవై రెండు నోళ్ళు ఆడుతున్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. కట్టేశాను. ఇకమీదట అక్కడ ఏమనుకున్నారో నువ్వే ఉత్తరం రాయాలి. ఆ సంఘానికి కార్యదర్శిని నేను. చెవులు పోయాయని పని వదలను.

ఇప్పుడు అసలు సంగతి. మీ బావ క్రీస్తురాజు పోయి ఈరోజుకు నలభై రోజులు.

మే పదకొండు పొద్దున ఆరింటికి నీకు ఫోను చేసి, ఆయనకు ఆక్సిజన్ ఎనభై ఆరుకు పడిందని చెప్పాను. సంఘం ఆక్సిజన్ మిషన్లు రెండింటిలో ఒకటి ఖాళీగా ఉంది, జాబితాలో మీ పేరే ముందుంది, మన సంఘం అధ్యక్షుడు హరినాథ్ గారి వ్యానులో పంపుతున్నా అన్నావు. తొమ్మిదికి వ్యాను కావలిలో బయల్దేరింది. పదింటికి అడిగితే "దారిలో ఉందక్కా" అన్నావు. పదకొండింటికీ అదే మాట. పన్నెండింటికీ అదే. నువ్వేం చేస్తావు పాపం, నీకు వాళ్ళు చెప్పిందే నాకు చెప్పావు. మా మరిది కొడుకు సుశీల్ కుమార్ కారు తెస్తానన్నాడు, నెల్లూరు తీసుకెళదాం పెద్దమ్మా అన్నాడు. మిషను దారిలో ఉంటే ఆస్పత్రుల చుట్టూ తిప్పడమెందుకని నేనే వద్దన్నాను. ఒంటిగంటన్నరకు ఆయన పోయాడు. అప్పుడు నేను గేటు దగ్గర రోడ్డు చూస్తూ నిలబడి ఉన్నాను.

వ్యాను అల్లూరు దాకా వచ్చి వెనక్కి తిరిగిందని తర్వాత తెలిసింది. డ్రైవరు చెంగయ్యను సుశీల్ నిలదీస్తే, "కావలి నుంచి ఫోనొచ్చింది, తిప్పమన్నారు, తిప్పినా" అన్నాడట. ఎవరు తిప్పమన్నారో చెప్పలేదు. ఆ వారమే చెన్నై వెళ్ళిపోయాడు.

ఆ ఫోను ఎవరు చేశారో నాకు కావాలి. మొదటి విడత జబ్బులో మీ బావ స్కూటరు మీద జాలర్ల పట్టపుపాళేలన్నీ తిరిగి ఇంటింటికీ బియ్యం అందించిన మనిషి. ఆయన కోసం బయల్దేరిన మిషనును దారి మళ్ళించిన చెయ్యి ఎవరిదో తెలియాలి. మొన్న పాస్టరమ్మ వచ్చి, క్షమించడం నేర్చుకో తల్లీ అని కాగితం మీద రాసి చూపించింది. ఆ కాగితం తిరగేసి, "ఎవరిని?" అని రాసిచ్చాను.

అక్క,
అబిగయీలు.

కావలి,
28 జూన్ 2021.

అక్కకు నమస్కారాలు.

మీటింగు సంగతులు ముందు రాస్తాను. మూడో విడత వస్తే ఏం చేయాలో నిన్న రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ పేర్లు సభ్యులందరికీ పంచాం, తలా ఆరుగురు. పొద్దున్నే ఫోను చేసి పలకరించాలి. పలక్కపోతే దగ్గర్లో ఉన్న సభ్యుడు వెళ్ళి తలుపు తట్టాలి. విడవలూరు వైపు ఆక్సిజన్ చూసుకునే క్లిప్పులు పది పంపుతున్నాం. పిచ్చమ్మ గారు మైకు కట్టేయడం మరిచి కోడలిని తిట్టారు. అందరం విన్నాం. చాలా రోజుల తర్వాత నవ్వాం.

మీరడిగిన దాని గురించి ఏం రాయాలో తెలియడం లేదు. ఆ రోజు అంతా గందరగోళం అక్కా. ఫోను కింద పెట్టే తీరిక లేదు. వ్యాను హరినాథ్ గారిది. చెంగయ్య ఆయన రంగుల కొట్లో మనిషి. అధ్యక్షుడు కదా, మాట చెల్లుతుంది. ఆ వారం ఆయన అత్తగారు కూడా ఇదే జబ్బుతో మంచం మీద ఉన్నారు. ఆమె బతికి బయటపడ్డారు. నాకు తెలిసింది ఇంతే. బావ ఇక రారు. మీ ఆరోగ్యం చూసుకోండి.

మా ఆవిడ వినీల కోలుకుంది. మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మిమ్మల్ని తలుచుకోని రోజు లేదు.

మీ తమ్ముడు,
పెంచలకృష్ణ.

విడవలూరు,
5 సెప్టెంబరు 2021.

పెంచలయ్యా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. నువ్వు మెతక మనిషివి, పేరు పెట్టి చెప్పలేవు. కానీ చెప్పాల్సింది చెప్పావు. వ్యాను ఆయనది, డ్రైవరు ఆయనవాడు, జబ్బుపడింది ఆయన అత్తగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, ఈమాత్రం కూడుకోలేనా?

అక్టోబరులో సంఘం ఎన్నికలు. హరినాథ్ మూడోసారి కూడా అధ్యక్షుడు కావాలనుకుంటున్నాడట. కానివ్వను. సభ్యులకు ఒక్కొక్కరికీ విడివిడిగా నా చేత్తో ఉత్తరం రాస్తున్నాను. రోజుకు రెండు. ఎవరికి ఏ మాట తగులుతుందో నాకు తెలుసు. హజరత్తయ్యకు తన తమ్ముడు ఆస్పత్రి వరండాలో పోయిన సంగతి గుర్తుచేశాను. పిచ్చమ్మకు, మా ఆయన ఆమె ఇంటికి కరెంటు తీగ లాగిన తుపాను రోజు గుర్తుచేశాను. చివర్లో అందరినీ ఒకటే అడిగాను: ఈ మనిషి చేతిలో రేపు మీవాళ్ళ ఊపిరి పెడతారా?

నిజం చెప్పనా? ఆయన పోయాక మొదటిసారి ఆకలి వేస్తోంది. ఉత్తరం పూర్తిచేసి అన్నం కలుపుకుంటే ముద్ద దిగుతోంది. పోస్టు చేసి వచ్చిన రోజు నిద్ర పడుతోంది. హరినాథ్ తలెత్తుకుని కావలి బజారులో నడిచినంతకాలం నేను ఊరుకోను.

అక్టోబరు మీటింగులో నా పేరున నువ్వు నిలబడి, సంఘానికి రాసిన ఉత్తరం పైకి చదవాలి. దీనితో పాటు పెట్టాను. నిదానంగా, అందరికీ వినపడేట్టు చదువు.

అబిగయీలు.

కావలి,
18 అక్టోబరు 2021.

అక్కకు,

మీరు చెప్పినట్టే చదివాను.

చదవడం అయ్యేసరికి హరినాథ్ గారు తన గడిలో తల వంచుకుని కూర్చున్నారు. పిచ్చమ్మ గారే అడిగారు: "ఏందయ్యా హరినాథూ, అబిగయీలమ్మ రాసింది నిజమేనా?"

"నేను తిప్పమనలేదమ్మా," అన్నారు ఆయన.

"మరెవరు తిప్పినారు?"

ఆయన తలెత్తి తెరలోకి చూశారు. ఎవరిని చూస్తున్నారో ఆ గళ్ళలో తెలియదు. "అంతకుమించి నన్ను అడగొద్దండి. మీకు నమ్మకం లేకపోతే నేను తప్పుకుంటా," అన్నారు. వెంటనే ఆయన గడి నల్లగా అయిపోయింది. హజరత్తయ్య గారిని అధ్యక్షుడిగా ఎన్నుకున్నాం.

మాట బయటికి పాకింది. మొన్న పొద్దున ఆయన కొట్టు షట్టరు మీద ఎవరో ఆయన దగ్గర కొన్న ఎర్రరంగుతోనే "ఆక్సిజన్ దొంగ" అని రాశారు. ఆయన ఒక్కడే స్టూలేసుకుని తుడుస్తుంటే చూశాను. వెళ్ళి సాయం పట్టలేకపోయాను. ఆయన అత్తగారి చెవినా పడిందట. పెద్దావిడ.

ఇక చాలక్కా. పదవి పోయింది, పరువు పోయింది. ఇంకేం కావాలి? ఇక్కడితో ఆపేద్దాం. మీ కాళ్ళు పట్టుకుంటాను.

పెంచలకృష్ణ.

విడవలూరు,
23 జనవరి 2022.

పెంచలయ్యా,

చాలని నువ్వెలా చెబుతావు? గేటు దగ్గర నిలబడింది నువ్వా?

షట్టరు సంగతి పదిసార్లు చదువుకున్నాను. స్టూలు మీద ఆయన, చేతిలో తడిగుడ్డ. ఆ బొమ్మ కళ్ళ ముందు పెట్టుకుని చలికాలమంతా గడిపాను.

మొన్న మంగళవారం ఆయనే మా ఇంటికి వచ్చాడు. మళ్ళీ జ్వరాలు మొదలయ్యాయి కదా, సంఘంలో లేకపోయినా ఊరికి పంచమని మాస్కుల పెట్టెలు తెచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. గేటు అవతల నిలబడి ఏదో చెబుతున్నాడు. చాలాసేపు చెప్పాడు. పెదవులు కదులుతున్నాయి, నాకేం వినపడలేదు. జేబులోంచి కాగితం తీసి రాయబోయాడు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. కిటికీలోంచి చూస్తే పెట్టెలు గేటు పక్కన పెట్టి వెళ్ళిపోతున్నాడు. నా చెవులు పోయినందుకు జీవితంలో మొదటిసారి సంతోషించాను.

ఇంకో మంచి కబురు. చెంగయ్య చెన్నై నుంచి వచ్చేశాడట, వెంకటాచలంలో బావమరిది ఇంట్లో ఉన్నాడట. వచ్చే నెల మొదటి వారంలో సుశీల్ నన్ను అక్కడికి తీసుకెళతాడు. ఫోను చేసిందెవరో వాడి చేత రాయించి, వేలిముద్ర వేయించి, ఆ కాగితంతో పోలీసు స్టేషనుకు వెళతాను. అప్పుడు హరినాథ్ ఏ గుడ్డతో తుడుచుకుంటాడో చూస్తాను.

నువ్వూ రావాలి. నా తరఫున మాట్లాడేందుకు చెవులున్న మనిషి ఒకరు కావాలి.

అబిగయీలు.

కావలి,
29 జనవరి 2022.

అక్కా,

చెంగయ్య దగ్గరికి వెళ్ళకండి. వాడు చెప్పేది నేనే చెబుతాను.

ఆ ఫోను చేసింది నేను.

ఆ పొద్దున మీరు ఫోను చేసినప్పుడు వినీలకు రెండో రోజు జ్వరం. బాగానే ఉంది. మిషను ఎక్కించి వ్యాను పంపాను, ఆ మాట నిజం. తొమ్మిదిన్నరకు ఇంటికెళ్ళి చూస్తే వినీల గోడకు ఆనుకుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. వేలికి క్లిప్పు పెడితే డెబ్బై ఎనిమిది. రెండో మిషను వేరే ఇంట్లో ఒక ముసలాయనకు పెట్టి ఉంది. ఆస్పత్రుల్లో మంచాల్లేవు. చెంగయ్యకు చేశాను. "యాడున్నావు?" అంటే "అల్లూరు దాటబోతున్నా సార్" అన్నాడు. "తిప్పు, మా ఇంటికి రా" అన్నాను. అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత మీరు ఫోను చేశారు. చెప్పబోయాను. నోట్లోంచి "దారిలో ఉందక్కా" అని వచ్చింది. గంట తర్వాత మళ్ళీ అడిగినప్పుడు, మొదటి అబద్ధం గురించి చెప్పాల్సి వస్తుందని మళ్ళీ అదే అన్నాను. పన్నెండింటికి మీరు చేసినప్పుడు వినీల నా పక్కనే మిషను పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. ఆ చప్పుడు మీకు వినపడుతుందేమోనని ఫోను చేత్తో మూసి మాట్లాడాను.

ఆ సాయంత్రం హరినాథ్ గారి కొట్టుకెళ్ళి ఏడ్చాను. అంతా చెప్పాను. ఆయన అంతా విని, "ఈ మాట నీ దగ్గరా నా దగ్గరా ఉండిపోనీ. బయటికొస్తే సంఘాన్ని ఎవరూ నమ్మరు. రేపు ఇంకొకరికి మిషను ఇచ్చేది ఎట్టా?" అన్నారు. మాటిచ్చారు. నిలబెట్టుకున్నారు. నేను మీ ఉత్తరం చదువుతున్నప్పుడు కూడా నిలబెట్టుకున్నారు.

మీకు రాసిన ఉత్తరంలో ఒక్క అబద్ధం లేదక్కా. అన్నీ నిజాలే, మీరు ఆయన్ని అనుమానించేట్టు పేర్చాను.

వినీలకు తెలియదు. మిషను మన కొట్లోదే అని చెప్పాను. నన్ను ఏం చేసినా సరే. ఆమెకు మాత్రం చెప్పకండి. తన ఊపిరి ఎవరిదో తెలిస్తే బతకలేదు.

పెంచలకృష్ణ.

విడవలూరు,
6 ఫిబ్రవరి 2022.

పెంచలకృష్ణా,

నువ్వు అడిగి ఉంటే మీ బావ ఇచ్చేసేవాడు. డెబ్బై ఎనిమిది అని ఒక్క మాట చెబితే, ముందు ఆ పిల్లకు పెట్టమను అనేవాడు. నేను కారు తెప్పించి నెల్లూరు తీసుకెళ్ళేదాన్ని. బతికేవాడో లేదో, ఆయన పక్కన నేను ఉండేదాన్ని. నువ్వు మిషను తీసుకున్నందుకు కాదు. "దారిలో ఉంది" అని మూడుసార్లు అన్నావే, అందుకు నీ మీద నాకు పగ.

మార్చి ఆరున సంఘం రెండేళ్ళ తర్వాత అందరూ ఒకచోట కూర్చుంటోందని హజరత్తయ్య రాశాడు. నువ్వు లేచి నిలబడి ఇదంతా నీ నోటితో చెప్పాలి. హరినాథ్‌ను పిలిపించాలి. వినీల ముందు వరుసలో కూర్చోవాలి. చెప్పకపోతే నీ ఉత్తరం నా దగ్గరుంది, నేనే వచ్చి చదువుతాను. ఆమెకు చెప్పొద్దని అడగకు. నాకు ఎక్కడ నొప్పి పెట్టావో నీకూ అక్కడే పెట్టాలి.

నేను రాను. నీ పెదవులు కదలడం చూడలేను.

అబిగయీలు.

కావలి,
8 మార్చి 2022.

అక్కా,

చెప్పాను.

కాగితం లేకుండా చెప్పాను. హరినాథ్ గారు వెనక తలుపు దగ్గరే నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు. నేను "తిప్పు, మా ఇంటికి రా" అన్నచోటికి వచ్చేసరికి వినీల లేచింది.

"మిషను యాడిదంటే మన కొట్లోదే అన్నావే?" అంది.

"అవును వినీలా."

"అన్నయ్య పోయినప్పుడు వదినకు నేనే గదా దగ్గర కూర్చుని ఓదార్పు ఉత్తరం రాయించినా. నువ్వే గదా పోస్టులో వేసినావు."

ఆమె వెనక్కి నడిచి హరినాథ్ గారి ముందు చేతులు జోడించింది. ఆయన తల అడ్డంగా ఊపి బయటికి వెళ్ళిపోయారు. ఆమె కూడా వెళ్ళింది. ఇంటికెళ్ళి చూస్తే బీరువా తీసి ఉంది. సంచీ ఒకటి లేదు. రెండు రోజులైంది. వాళ్ళ అమ్మగారింట్లో లేదు. ఫోను ఎత్తడం లేదు. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి అక్కా. ఎక్కడికి పోయిందో మీకేమైనా తెలుసా? మీ పగ తీరిందనుకుంటాను. ఇది ఒక్కటి చెప్పండి.

పెంచలకృష్ణ.

విడవలూరు,
15 మార్చి 2022.

పెంచలకృష్ణా,

వినీల నా దగ్గరే ఉంది. మీటింగు జరిగిన ఆదివారం సాయంత్రమే ఆఖరి బస్సు దిగి వచ్చింది. గేటు తీశాను. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, నాకు రాసి చూపించే పలక తీసుకుని రాసింది: "ఆ రోజు అన్నయ్య చివరగా ఏమన్నాడు వదినా?"

పది నెలల్లో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఓదార్చారు, ప్రార్థన చేశారు, మందులు పంపారు. ఇది అడగలేదు. నేను చెప్పాను. "వ్యానొచ్చేదాకా నువ్వు ఎండలో నిలబడొద్దే, నీడకు రా" అన్నాడు. అది చెప్పాక ఇద్దరం ఏడ్చాం.

ఆమెను నీకు తగిలే రాయిగా విసిరాను. ఆ రాయి వచ్చి నా ఇంట్లో వారం రోజులుగా వంట చేస్తోంది, సమాధుల తోటకు నాతో వస్తోంది, దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆ ఊపిరి చూస్తే కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నీ మీదది మాత్రం పోలేదు.

నిన్న ఒక్కదాన్నే కావలి వచ్చాను. నీ కొట్టు ముందు నుంచే నడిచాను, తల తిప్పలేదు. హరినాథ్ దగ్గరికి వెళ్ళాను. తప్పయింది నాయనా అన్నాను. నా గొంతు నాకు వినపడదు కదా, గట్టిగా అన్నానేమో, రోడ్డు మీద వాళ్ళు చూశారు. ఆయన రంగుల కార్డు వెనక రాసిచ్చాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మా అత్తమ్మ డిసెంబరులో పోయింది. నా కోసం ఒక మనిషి ఊపిరి లాగేసినావా అని నన్ను అడిగింది. కాదమ్మా అంటే నమ్మలేదు. అన్నం మానేసింది. నేను తిప్పలేదని దేవుడి తోడుగా మీకు చెప్పి, ఆ మాటే ఆమెకు ఒక్క ఉత్తరం రాయమని మిమ్మల్ని అడిగేందుకు ముందే వచ్చి ఉండాల్సింది, రాలేదు. ఆమె పోయినాక మీ గేటు దగ్గరికి వచ్చినాను, మీరైనా నమ్ముతారని. తలుపు వేసుకున్నారు. నేను మిమ్మల్ని క్షమించను మేడం."

చదివి తలెత్తాను. ఆయన కుర్చీ చూపించాడు, కూర్చోమని. కూర్చున్నాను. మంచినీళ్ళు ఇచ్చాడు. క్షమించనన్నాడు, నీళ్ళిచ్చాడు. తాగి వచ్చేశాను.

బస్సులో నీ గురించే ఆలోచించాను. నువ్వు భయంతో చేశావు, భార్య కళ్ళ ముందు నల్లబడుతుంటే. నేను భయంతో చేయలేదు. వారాల తరబడి బల్ల ముందు కూర్చుని, మంచి దస్తూరితో, ఇష్టంగా చేశాను. ఒక ముసలావిడ అన్నం మానేస్తుంటే ఇక్కడ నాకు ఆకలి వేసింది.

సభ్యులందరికీ మళ్ళీ ఉత్తరాలు రాస్తున్నాను, నేను చేసింది ఏమిటో. హరినాథ్ తిరిగి సంఘంలోకి వస్తాడో రాడో ఆయన ఇష్టం. నేను కార్యదర్శి పదవి వదిలేశాను. ఒంటరివాళ్ళ జాబితాలో నాకిచ్చిన ఆరుగురిని మాత్రం వదలను. ఫోనులో పలకరించలేను కాబట్టి నడిచి వెళ్ళి తలుపు తడుతున్నాను.

నిన్ను క్షమించానని అనుకోకు. హరినాథ్ నన్ను క్షమించేదాకా ఆ మాట నా నోట రాదు, ఆ తర్వాత కూడా వస్తుందని మాటివ్వలేను.

వినీల శుక్రవారం పదింటి బస్సుకు కావలి వస్తోంది. నేను పంపడం లేదు, తనే వస్తానంది. ఉండడానికో, మిగతా బట్టలు తీసుకెళ్ళడానికో నాతో చెప్పలేదు. బస్టాండుకు ముందే వెళ్ళు. బస్సు ఆలస్యమైతే ఎవరికీ ఫోను చేసి అడగకు. ఎండలో నిలబడి రోడ్డు చూడు.

అబిగయీలు.